చిన్న ఆన్‌లైన్ వ్యాపారంలో వైఫల్యం: నష్టాన్ని పాఠంగా మార్చుకోవడం

విషయక్రమం
1. ఉద్దేశాలు
2. పరిచయం
3. వైఫల్యం: నిర్వచనం, రకాలు
4. తొలి ఊహ చెడినా నిలిచిన వ్యాపారం: రెడ్‌బస్
5. ఆలస్యంగా తెలిసిన వైఫల్యం: వెబ్‌వాన్
6. ఉయ్యూరు ఊరగాయల లెక్క: ఒక అభ్యాసం
7. కారణాన్ని వెతికే పద్ధతి
8. భరించగల నష్టం, ఆపవలసిన గీత
9. సారాంశం
10. ముఖ్య పదాలు
11. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• వ్యాపార వైఫల్యాన్ని నిర్వచించి, అందులోని రకాలను వేరు చేసి చెప్పగలుగుతారు;
• వ్యాపారం వెనక ఉన్న ఊహలను ముందుగానే కాగితం మీద పెట్టవలసిన అవసరాన్ని వివరించగలుగుతారు;
• ఒక నష్టాన్ని దాని కారణాల వారీగా విడగొట్టి లెక్క కట్టగలుగుతారు;
• వ్యాపారాన్ని ఎప్పుడు మార్చాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించుకోగలుగుతారు.

2. పరిచయం

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే రహదారి మీద ఉంది ఉయ్యూరు. చుట్టూ వరి, చెరకు పొలాలు. ఇటువంటి ఊళ్లో ఒకప్పుడు వ్యాపారం పెట్టాలంటే సెంటర్లో కొట్టు వెతుక్కోవాలి, అడ్వాన్సు కట్టాలి, బీరువాలు కొనాలి, నెలనెలా అద్దె ఇవ్వాలి. ఇప్పుడు చేతిలో ఫోను, దగ్గరలో కొరియర్ ఆఫీసు ఉంటే చాలు. 2016లో యు.పి.ఐ. వచ్చిన తరవాత డబ్బు పుచ్చుకోవడం కూడా సులువైంది. బందరు లడ్డు, చిలకలపూడి నగలు, పెడన కలంకారీ గుడ్డలు, ఇంట్లో పెట్టిన ఆవకాయ ఫోను మీదే ఆర్డరు తీసుకుని ఊళ్లు దాటిస్తున్నారు.

మొదలుపెట్టడం సులువైనప్పుడు ఆగిపోవడం కూడా సులువే అవుతుంది. కొట్టు మూతపడితే ఊరంతా చూస్తుంది. నలుగురూ కారణం అడుగుతారు. ఆన్‌లైన్ వ్యాపారం అలా కాదు. ఆర్డర్లు తగ్గుతాయి, ఫోటోలు పెట్టడం మానేస్తారు, మిగిలిన సీసాలు ఇంట్లో వాడుకుంటారు. ఎందుకు ఆగిందో చాలాసార్లు యజమానికి కూడా తెలియదు. అయితే పెట్టిన డబ్బు నిజమైనది. అది తాకట్టు పెట్టిన గొలుసు మీద తెచ్చినదో, డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పో, పాడుకున్న చిట్టీ సొమ్మో అయి ఉంటుంది. వ్యాపారం ఆగినా వాయిదాలు ఆగవు.

ఓటమి గెలుపునకు మెట్టు అని తరచు వింటుంటాం. ఈ మాటలో సగమే నిజం ఉంది. నష్టం దానంతట అది ఏమీ నేర్పదు. ఏం జరుగుతుందని అనుకున్నామో ముందు రాసి ఉంచితే, జరిగినదానితో దాన్ని పోల్చినప్పుడు కనిపించే తేడాయే పాఠం. ముందు రాసుకోనివారికి నష్టం మిగులుతుంది, పాఠం మిగలదు. ఈ పాఠ్యాంశంలోని ప్రధాన విషయం ఇదే.

3. వైఫల్యం: నిర్వచనం, రకాలు

అనుకున్న ఫలితానికీ వచ్చిన ఫలితానికీ మధ్య ఏర్పడిన ప్రతికూలమైన తేడాను వైఫల్యం అంటాం. ఈ నిర్వచనం ప్రకారం, ముందు ఒక అంచనా లేనిదే వైఫల్యాన్ని కొలవలేం.

హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ వైఫల్యాలపై చాలాకాలం పరిశోధన చేసి, 2023లో వెలువరించిన గ్రంథంలో వాటిని మూడు రకాలుగా విభజించారు. వాటిని మన వ్యాపారానికి అన్వయించి చూద్దాం.

(అ) సాధారణ వైఫల్యం: తెలిసిన పనిలో అజాగ్రత్త వల్ల జరిగేది. మామిడికాయ ముక్కల తడి సరిగా తుడవకుండా ఊరగాయ పెడితే బూజు పడుతుంది. చిరునామాలో పిన్‌కోడ్ తప్పు రాస్తే పార్శిల్ వేరే ఊరికి పోతుంది. వీటి నుంచి కొత్తగా నేర్చుకునేది ఉండదు. జరగకుండా చూసుకోవడమే పని.

చట్టపరమైన నమోదులు కూడా ఈ కోవకే చెందుతాయి. తినే వస్తువు అమ్మేవారు ఎంత చిన్నవారైనా, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు చేయించుకోవాలి. ఇ-కామర్స్ వేదికల ద్వారా సరుకు అమ్మే చిన్న వ్యాపారులకు నిర్ణీత టర్నోవర్ లోపల, కొన్ని షరతుల మీద, జి.ఎస్.టి. నమోదు నుంచి 2023 అక్టోబరు 1 నుంచి సడలింపు ఉంది. కాని అది రాష్ట్రం లోపలి అమ్మకాలకే. ఉయ్యూరు వ్యాపారికి ఎక్కువమంది కొనుగోలుదారులు ఉండేది హైదరాబాదులో. 2014 తరవాత హైదరాబాదు పొరుగు రాష్ట్రం. ఈ సంగతి నోటీసు వచ్చాక తెలుసుకోవలసినది కాదు. మొదలుపెట్టేముందే ఆనాటికి అమలులో ఉన్న నియమాలను పన్ను సలహాదారును అడిగి తెలుసుకోవాలి.

(ఆ) సంక్లిష్ట వైఫల్యం: విడివిడిగా చిన్నవైన అనేక కారణాలు కలిసి తెచ్చేది. వానాకాలంలో బెల్లం గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. అదే వారంలో పండగ రద్దీ వల్ల కొరియర్ ఆలస్యమైంది. సంచి అతుకు కూడా కొంచెం వదులుగా ఉంది. ఏ ఒక్కటి జరిగినా సరుకు నిలిచేది. మూడూ కలిసేసరికి పాకం కారిపోయింది. ఇటువంటి చోట గొలుసులో ఒక్క లంకెనైనా తెంచగలిగితే నష్టం తప్పుతుంది.

(ఇ) వివేకవంతమైన వైఫల్యం: కొత్త విషయాన్ని తెలుసుకోవడానికి, ఆలోచించి, వీలైనంత చిన్న మొత్తంతో చేసిన ప్రయత్నం ఫలించకపోవడం. పావు కిలో సీసాలను కొంటారా కొనరా అని ఇరవై సీసాలతో పరీక్షించి, కొనడం లేదని తెలుసుకుంటే అది ఈ రకానికి చెందుతుంది. వ్యాపారి కోరి తెచ్చుకోదగిన వైఫల్యం ఇదొక్కటే.

ఒక హెచ్చరిక. కొనేవారి ఆరోగ్యానికి ముప్పు తెచ్చే విషయంలో "చేసి చూసి నేర్చుకుందాం" అనే పద్ధతి పనికిరాదు. శుభ్రత, నిలవ కాలం, లేబుల్ మీద వివరాలు ప్రయోగాలకు తావు లేని విషయాలు.

4. తొలి ఊహ చెడినా నిలిచిన వ్యాపారం: రెడ్‌బస్

2005 దీపావళికి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న తెలుగు ఇంజనీరు ఫణీంద్ర సామాకు ఇంటికి వెళ్లేందుకు బస్సు టికెట్ దొరకలేదు. తరవాత ఆయన ట్రావెల్ ఏజెంట్లను కలిసి ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో విచారించారు. ఏజెంటు ఒక్కొక్క బస్సు యజమానికి ఫోను చేసి సీట్లు అడగాలి. ఏ బస్సులో ఎన్ని ఖాళీలున్నాయో ఒకే చోట తెలిసే వీలు లేదు. బిట్స్ పిలానీలో తనతో చదువుకున్న సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో ఆయన రెడ్‌బస్‌ను స్థాపించారు.

మిత్రులు మొదట చేసినది టికెట్లు అమ్మడం కాదు. బస్సు యజమానులు తమ సీట్ల లెక్క చూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. యజమానులు దాన్ని వాడుకోవడానికి ముందుకు రాలేదు. వారి పని ఫోను మీద, కాగితాల మీద అప్పటికే జరిగిపోతున్నది. కొత్త పద్ధతి నేర్చుకోవలసిన అవసరం వారికి కనిపించలేదు.

ఇక్కడ రెండు ఊహలు కలిసి ఉన్నాయని గమనించండి. ఒకటి: ప్రయాణికునికి టికెట్ సులువుగా దొరకవలసిన అవసరం ఉంది. రెండు: బస్సు యజమాని సాఫ్ట్‌వేర్ తీసుకుంటాడు. చెడినది రెండవది మాత్రమే. వారు అనుభవజ్ఞులైన పారిశ్రామికవేత్తల సలహా తీసుకుని దారి మార్చారు. యజమానుల నుంచి కొన్ని సీట్లు తీసుకుని తామే ప్రయాణికులకు అమ్మడం మొదలుపెట్టారు. సీట్లు అమ్ముడవడం చూశాక యజమానులకు నమ్మకం కుదిరింది. 2013లో ఇబిబో సంస్థ రెడ్‌బస్‌ను కొనుగోలు చేసింది. ఫణీంద్ర సామా 2018లో తెలంగాణ రాష్ట్ర ప్రధాన ఆవిష్కరణల అధికారిగా నియమితులయ్యారు.

మొత్తం ఆలోచనే తప్పని ఆ మిత్రులు అనుకుని ఉంటే సంస్థ అక్కడే ముగిసేది. పట్టుదలగా సాఫ్ట్‌వేర్ అమ్మడానికే తిరిగి ఉన్నా ముగిసేది. చెడిన ఊహను నిలిచిన ఊహ నుంచి వేరు చేయడమే వారిని కాపాడింది. అయితే ఇది నిలదొక్కుకున్న సంస్థ కథ అని కూడా గుర్తుంచుకోవాలి. దారి మార్చిన ప్రతివారూ గెలుస్తారని దీని అర్థం కాదు. అందుకే నిలవలేని సంస్థ కథను కూడా చదవాలి.

5. ఆలస్యంగా తెలిసిన వైఫల్యం: వెబ్‌వాన్

అమెరికాలో వెబ్‌వాన్ అనే సంస్థ 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఇంటర్నెట్ ద్వారా కిరాణా సరుకులు ఇళ్లకు చేర్చడం ప్రారంభించింది. వినియోగదారులు ఆదరించారు. కాని ఒక్క ఆర్డరును ఇంటికి చేర్చడానికి అయ్యే ఖర్చు ఆ ఆర్డరు మీద వచ్చే ఆదాయంతో తీరుతుందా అన్నది తేలకముందే, అదే ఏడాది అనేక నగరాలలో యంత్రాలతో నడిచే భారీ గోదాములు కట్టించడానికి సుమారు 100 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నది. గోదాముల సామర్థ్యానికి సరిపడినన్ని ఆర్డర్లు రాలేదు. 2001 జూలైలో సంస్థ మూతపడి దివాలా తీసింది.

ఇంటికి సరుకులు చేర్చడం అనే ఆలోచన తప్పు కాదు; నేడు మన పట్టణాల్లో కూడా అది జరుగుతున్నది. ఒక ఊళ్లో తేలవలసిన లెక్కను అనేక ఊళ్లకు పెంచిన తరవాత తేల్చుకోవడమే దోషం. రెడ్‌బస్ ఊహ చిన్న ఖర్చుతో, తొలినాళ్లలోనే చెడింది. వెబ్‌వాన్ ఊహ పెద్ద ఖర్చు పెట్టిన తరవాత చెడింది. నష్టపు పరిమాణాన్ని చాలావరకు నిర్ణయించేది తప్పు తెలిసిన సమయమే.

6. ఉయ్యూరు ఊరగాయల లెక్క: ఒక అభ్యాసం

ఇప్పుడు మన స్థాయికి వద్దాం. ఈ కిందిది అభ్యాసం కోసం కల్పించిన ఉదాహరణ. అంకెలు లెక్కకు మాత్రమే. ఉయ్యూరులో ఒక గృహిణి కిలో ఆవకాయ సీసాను డెలివరీతో కలిపి 450 రూపాయలకు అమ్మాలనుకున్నారు. మొదటి విడతలో 100 పార్శిళ్లు పంపాలని నిర్ణయించి, ఇలా అంచనా వేశారు.

ఒక సీసాకు అంచనా ఖర్చు:
• కాయలు, నూనె, కారం, ఆవపిండి మొదలైన సరుకు: 220
• సీసా, అట్టపెట్టె, టేపు: 40
• కొరియర్: 90
• ఫోనులో ప్రకటనలు: 50
మొత్తం: 400

సీసాకు 50 చొప్పున 100 సీసాల మీద 5,000 రూపాయలు లాభం రావాలి. జరిగినది వేరు. 80 పార్శిళ్లకే డబ్బు వచ్చింది. 20 తిరిగి వచ్చాయి. తిరిగి వచ్చినవాటిలో 12 పార్శిళ్లను, సరుకు అందాక డబ్బు ఇస్తామన్నవారు తలుపు దగ్గర వద్దన్నారు లేదా ఇంట్లో లేరు. మిగిలిన 8 నూనె కారి పాడయ్యాయి. పైగా కొరియర్ బిల్లు పార్శిల్‌కు 130 చొప్పున వచ్చింది. తిరుగు రవాణాకు ఒక్కొక్కదానికి 80 పడింది.

వచ్చిన డబ్బు: 80 × 450 = 36,000
సరుకు: 22,000
ప్యాకింగ్: 4,000
కొరియర్: 13,000
ప్రకటనలు: 5,000
తిరుగు రవాణా: 20 × 80 = 1,600
మొత్తం ఖర్చు: 45,600

నష్టం 9,600. చెక్కుచెదరకుండా తిరిగి వచ్చిన 12 సీసాల సరుకు విలువ 2,640 మిగిలింది కనుక నికర నష్టం 6,960. ఆశించిన 5,000 లాభంతో పోల్చితే తేడా 11,960 రూపాయలు.

ఈ దశలో చాలామంది "ఆన్‌లైన్ మనకు అచ్చిరాలేదు" అంటారు. ఆ వాక్యం నుంచి నేర్చుకోవలసినది ఏమీ లేదు. ముందు వేసిన అంచనా చేతిలో ఉంది కాబట్టి తేడాను విడగొట్టి చూద్దాం.

• కొరియర్ అదనం: 100 × 40 = 4,000
• పుచ్చుకోని 12 పార్శిళ్లు: ఒక్కొక్కదానికి పోయిన ధర 450, తిరుగు రవాణా 80, మిగిలిన సరుకు 220 తీసివేయగా 310, మొత్తం 3,720
• నూనె కారిన 8 పార్శిళ్లు: ఒక్కొక్కదానికి 450, 80 కలిపి 530, మొత్తం 4,240

మూడూ కలిపితే సరిగ్గా 11,960. ఒక పెద్ద నష్టం మూడు చిన్న ప్రశ్నలుగా మారింది. సీసా అందుకుని డబ్బిచ్చిన 80 మందిలో ఒక్కరూ రుచి బాగాలేదని తిప్పి పంపలేదు. 450 ధరకు కొనేవారు ఉన్నారన్న ఊహ కూడా ఇంతవరకు నిలిచింది. చెడినవి రవాణా బరువు, మూత, డబ్బు వసూలు పద్ధతి.

ఒక జాగ్రత్త. ఆ 80 మందిలో బంధువులు, స్నేహితులు ఎందరో లెక్కించాలి. మొహమాటానికి కొన్నవారు మళ్లీ కొనకపోవచ్చు. అందువల్ల ఆర్డర్ల పుస్తకంలో తెలిసినవారికి ఒక గుర్తు, తెలియనివారికి ఒక గుర్తు పెట్టండి. గిరాకీ ఉందో లేదో చెప్పేది తెలియనివారి ఆర్డర్లు, ముఖ్యంగా వారు రెండవసారి ఇచ్చే ఆర్డర్లు.

7. కారణాన్ని వెతికే పద్ధతి

జపాన్‌లోని టయోటా కర్మాగారాల్లో, ఏదైనా లోపం కనిపిస్తే "ఎందుకు?" అని వరసగా ఐదుసార్లు అడిగే అలవాటు ఉంది. దీన్ని "ఐదు ఎందుకులు" అంటారు. మన ఉదాహరణలోని కొరియర్ బిల్లుకు ఈ పద్ధతిని వాడదాం.

బిల్లు ఎందుకు పెరిగింది? పార్శిల్‌ను 1.2 కిలోలుగా కాక 2.4 కిలోలుగా లెక్క కట్టారు కనుక. ఎందుకు? అనేక కొరియర్ సంస్థలు అసలు బరువు, పరిమాణపు బరువు ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తాయి కనుక. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తే పరిమాణపు బరువు కిలోలలో వస్తుంది. 30 × 20 × 20 పెట్టెకు 12,000 ÷ 5,000 = 2.4 కిలోలు. అంత పెద్ద పెట్టె ఎందుకు వాడారు? సీసా చుట్టూ కాగితాలు కుక్కడానికి. ఎందుకు? సీసా పగులుతుందన్న భయం వల్ల. చిన్న పెట్టె ఎందుకు ప్రయత్నించలేదు? పరిమాణపు బరువు సంగతి తెలియదు, రేటు ముందుగా అడగలేదు.

ఇప్పుడు చేయవలసినది స్పష్టం. పగలని ప్లాస్టిక్ సీసా, 20 × 15 × 14 పెట్టె తీసుకుంటే పరిమాణపు బరువు 0.84 కిలో, అప్పుడు అసలు బరువుకే చార్జీ పడుతుంది. నూనె కారకుండా మూత కింద సీలు వేయించాలి. ఒక సీసాను తలకిందులుగా ఒక రోజంతా ఉంచి చూసిన తరవాతే ఆ రకం మూత వాడాలి. డబ్బు విషయంలో కొంత మొత్తం యు.పి.ఐ. ద్వారా ముందుగా తీసుకుని, పంపేరోజు ఫోను చేసి నిర్ధారించుకోవాలి.

మూడు మార్పులూ ఒకేసారి చేయవచ్చా? ఒకేసారి చేస్తే ఏది ఫలించిందో తెలియదన్నది సాధారణ సూత్రం. అయితే ఇక్కడ ప్రతి మార్పునకూ వేరే కొలత ఉంది: కొరియర్ బిల్లు, కారిన సీసాల సంఖ్య, పుచ్చుకోని పార్శిళ్ల సంఖ్య. కొలతలు వేరుగా ఉన్నప్పుడు మార్పులు కలిపి చేసినా ఫలితాలను విడదీయవచ్చు. ధర, సీసా పరిమాణం, ప్రకటన మూడూ కలిపి మారిస్తే మాత్రం అమ్మకాలు ఎందుకు పెరిగాయో, ఎందుకు తగ్గాయో చెప్పలేం. వాటిని ఒక్కొక్కటిగానే మార్చాలి.

"ఎందుకు" అని అడిగేటప్పుడు "ఎవరు" అనే ప్రశ్న వైపు జారిపోకూడదు. సీసాలకు మూతలు బిగించినది అత్తగారైనా, చిరునామాలు రాసినది అబ్బాయైనా, తప్పు ఎవరిదని మొదలుపెడితే తరవాతి తప్పును ఎవరూ బయటికి చెప్పరు. ఇంటిల్లిపాదీ కలిసి నడిపే వ్యాపారంలో ఇది చాలా ముఖ్యం.

8. భరించగల నష్టం, ఆపవలసిన గీత

కొత్త వ్యాపారులు సాధారణంగా "ఎంత లాభం వస్తుంది?" అని లెక్క వేస్తారు. ఆచార్య సరస్ సరస్వతి అనుభవజ్ఞులైన వ్యాపారవేత్తల ఆలోచనా విధానాన్ని పరిశీలించి, "ఎంత పోయినా తట్టుకోగలను?" అన్న ప్రశ్న వారి నిర్ణయాలకు ఆధారమని గుర్తించారు. దీన్నే భరించగల నష్టం అంటారు. ఆ మొత్తం పోయినా ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, సంఘం వాయిదా ఆగకూడదు. గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బంతా మొదటి విడతలో పెట్టడం ఈ సూత్రానికి విరుద్ధం. మన ఉదాహరణలో 100 సీసాలకు బదులు 30 పంపి ఉంటే, అవే మూడు లోపాలు దాదాపు మూడో వంతు నష్టంతో బయటపడేవి.

మొదలుపెట్టేముందే ఒక పేజీలో ఈ ఐదు విషయాలు రాసి, తేదీ వేయండి:
(1) ఎవరు కొంటారని, ఎంత ధరకు కొంటారని అనుకుంటున్నాను?
(2) ఒక ఆర్డరుకు అయ్యే ఖర్చు, అంశాల వారీగా ఎంత?
(3) నూటికి ఎన్ని తిరిగి వస్తాయని అనుకుంటున్నాను?
(4) ఈ విడతలో గరిష్ఠంగా ఎంత పోగొట్టుకోగలను?
(5) ఏం జరిగితే మారుస్తాను, ఏం జరిగితే ఆపేస్తాను?

ఐదవ ప్రశ్నకు జవాబు ముందే రాయాలి. నష్టం వచ్చిన తరవాత రాస్తే, ఇప్పటికే పెట్టిన డబ్బు మీది మమకారం జవాబును మారుస్తుంది. తిరిగి రాని డబ్బును రాబట్టడానికి మరింత పెట్టడం అప్పును పెంచుతుంది. ప్యాకింగ్, రవాణా, వసూలు వంటి ఊహలు చెడితే మార్చి చూడవచ్చు. ఖర్చులు రాబట్టగల ధరకు తెలియనివారు కొంటారన్న మూల ఊహ రెండు, మూడు విడతల్లోనూ చెడితే ఆపడమే సరైన నిర్ణయం. రాసుకున్న గీత దగ్గర ఆగినవారు ఓడిపోయినట్లు కాదు. మరొక ప్రయత్నానికి తమ పెట్టుబడిని కాపాడుకున్నట్లు.

9. సారాంశం

వైఫల్యం అంటే అంచనాకూ ఫలితానికీ మధ్య తేడా. సాధారణ వైఫల్యాలను నివారించాలి, సంక్లిష్టమైనవాటిలో ఒక లంకెనైనా తెంచాలి, వివేకవంతమైనవాటిని చిన్న ఖర్చుతో కావాలని చేయాలి. చెడిన ఊహను నిలిచిన ఊహ నుంచి వేరు చేయడం రెడ్‌బస్ అనుభవం నేర్పుతుంది. తేలని లెక్కను పెద్దది చేయకూడదని వెబ్‌వాన్ నేర్పుతుంది. నష్టాన్ని అంశాల వారీగా విడగొట్టి, ప్రతి అంశానికీ "ఎందుకు" అని అడిగి, భరించగల నష్టం లోపల మళ్లీ ప్రయత్నించాలి. ఇవన్నీ సాధ్యమయ్యేది మొదటి రోజున రాసి తేదీ వేసుకున్న ఆ ఒక్క పేజీ ఉన్నప్పుడే.

10. ముఖ్య పదాలు

ఊహ: నిజమని నమ్మి పని మొదలుపెట్టిన, ఇంకా రుజువు కాని విషయం.
పరిమాణపు బరువు: పార్శిల్ ఆక్రమించే స్థలాన్ని బట్టి లెక్కించే బరువు.
భరించగల నష్టం: పోయినా కుటుంబ నిర్వహణకు ఇబ్బంది కలగని మొత్తం.

11. మీ ప్రగతిని సరిచూసుకోండి

(1) "నష్టం దానంతట అది ఏమీ నేర్పదు." ఈ వాక్యాన్ని సోదాహరణంగా చర్చించండి.
(2) రెడ్‌బస్, వెబ్‌వాన్ వైఫల్యాలను, తప్పు బయటపడిన సమయం ఆధారంగా పోల్చండి.
(3) 25 × 20 × 18 సెంటీమీటర్ల పెట్టె పరిమాణపు బరువు ఎంత? (జవాబు: 1.8 కిలోలు)
(4) 6వ విభాగంలోని ఉదాహరణలో నూనె కారిన సీసాలు ఒక్కటీ లేకుండా, ఆ 8 పార్శిళ్లకూ డబ్బు వచ్చి ఉంటే నికర నష్టం ఎంత ఉండేది? (జవాబు: 2,720 రూపాయలు)
(5) మీ ఊళ్లో ఆగిపోయిన ఒక చిన్న వ్యాపారం యజమానితో, వారి అనుమతితో మాట్లాడండి. వారి ఊహల్లో ఏవి చెడ్డాయో, ఏవి నిలిచాయో రెండు వరసల పట్టికగా రాయండి.